ధాతువిభాగము - సంఘభేదము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాయువానికి వేదికపై పని లేదు. పద్దు వ్రాసి, కూడి, అడుగున గీత గీచి లేచిపోవుట వాని ధర్మము. అయినను ఈ ఉత్సవమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను గురుముఖమున చదివినవాడను కాను. అమరమును, బాలవ్యాకరణమును ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండి నాయంతట నేను వల్లె వేసితిని. కావున నా మాటలలో పాండిత్యము వెదుకవలదు. లెక్కలవాడొకడు పాత పద్దు నొకదానిని తిరుగవేసినాడని మాత్రము తలంపుడు.

ఆ పద్దు రెండువేల నాలుగువందల యేండ్లకు తక్కువ కానిది. ఒక మహాపురుషుని అస్థికలను పంచుకొన్న పద్దు. బౌద్ధులు వానిని ధాతువు లందురు. పంపకము ఆనాడు కత్తి దూయకుండ, నెత్తురు చిందకుండ ముగిసినది. కాని ఆ ధాతువుల నేమి చేయవలెను, పూజించిన ఫలమెంత, ఆ పూజ ఎవ్వరి పని అను ప్రశ్నలు మాత్రము పంపకమునకు లొంగలేదు. బౌద్ధసంఘము చీలుటకు కారణములు పెక్కులు కలవు. వానిలో ఈ ప్రశ్నలును చేరినవి. చీలిన శాఖలలో కొన్నింటికి పాళీ వ్యాఖ్యాతలు "అంధకులు" అని మన దేశపు పేరే పెట్టిరి. అందుచేత దీనిని మన యింటి పద్దనియే నేను భావించుచున్నాను.

బుద్ధభగవానుడు కుశీనగరమున, మల్లుల సాలవనమున నిర్యాణము చెందెను. దహనానంతరము మిగిలిన అస్థికలు తమవేయని మల్లులు పట్టుబట్టిరి. మా పొలిమేరలో పోయినాడు గనుక మాకే చెందునని వారి వాదము. మగధరాజగు అజాతశత్రువు, ఆయన క్షత్రియుడు, నేనును క్షత్రియుడను, నాకు భాగము రావలెనని దూతను పంపెను. వైశాలి లిచ్ఛవులు, కపిలవస్తువు శాక్యులు, అల్లకప్పపు బులులు, రామగ్రామపు కోలియులు, పావానగరపు మల్లులు, వేఠదీపమున నివసించు ఒక బ్రాహ్మణుడు, అందరిదియు అదే మాట. వీరిలో శాక్యులకు జ్ఞాతిత్వమను హక్కు స్పష్టముగ నున్నది. వేఠదీపపు బ్రాహ్మణుడు, ఆయన క్షత్రియుడు, నేను బ్రాహ్మణుడను, కావున అర్హుడననెను. ఈ దావాలు నేటి న్యాయస్థానమునకు వచ్చిన సగము తొలినాడే కొట్టివేయబడును. కాని వాదులవెనుక సైన్యము లున్నప్పుడు న్యాయము తూకము వేరు.

అప్పుడు ద్రోణుడను బ్రాహ్మణుడు లేచి, ఓర్పును బోధించినవాని యెముకలకై కొట్టుకొనుట తగదని నచ్చచెప్పి, ఎనిమిది సమభాగములు చేసెను. ద్రోణమనునది ధాన్యపు కొలత. అమరసింహుడు ఆఢకమును, ద్రోణమును ఒక్కచోటనే చెప్పినాడు. నాలుగు ఆఢకములు ఒక ద్రోణము. కొలత పేరుగలవాడే కొలుచుట కాకతాళీయమో, కథ చెప్పినవారి చమత్కారమో కాని, లెక్కలవానికి చెవికింపుగ నున్నది. మొత్తము 16 నాళులు తేలినవనియు, ఒక్కొక్కరికి 2 నాళులు వచ్చినవనియు పాళీ వ్యాఖ్యానము చెప్పును. ఎనిమిది రెండ్లు పదునారు, శేషము సున్న. ఇంత సరిగా తేలిన లెక్కను చూచినపుడు మావంటివారికి అనుమానము పుట్టుట సహజము. ఆ అనుమానము వ్యాఖ్యాతకును కలిగినట్లున్నది. ద్రోణుడు ఎవ్వరును చూడకుండ ఒక దంతమును తలపాగలో దాచుకొనెనట! దానిని దేవేంద్రుడు అంతకన్న నేర్పుగా అపహరించి స్వర్గమున చైత్యము కట్టించెనట! కొలుచువాని చేతికి కొంత అంటునన్న మాట ఎంత పాతదో చూడుడు. బహిరంగముగ మాత్రము ద్రోణుడు కొలిచిన పాత్రను అడిగి తీసికొనెను. ఆలస్యముగ వచ్చిన పిప్పలివనపు మౌర్యులకు చితిలోని బొగ్గులు దక్కినవి. ఎనిమిది ధాతుస్తూపములు, ఒక పాత్రస్తూపము, ఒక అంగారస్తూపము, వెరసి పది.

నేను మా చుట్టుప్రక్కల అన్నదమ్ముల పంపకములకు చాల కాగితములు వ్రాసితిని. పొలము పంచుట సులభము. గొలుసు పట్టి కొలిచిన తీరిపోవును. పశువులను, పాత్రలను, తుదకు నూతినీటిని వంతులవారీగ పంచవచ్చును. అన్నియు ముగిసి సంతకములకు కలము తీయువేళ, లోపలినుండి ఎవరో ఒక పెద్దముత్తైదువ, "దేవతార్చన పెట్టె మాట యేమిరా?" అని అడుగును. అంతతో తెల్లవారువరకు పంచాయితీ. సంతలో అమ్మిన పది రూపాయలు చేయని ఆ పెట్టెకొరకు పదియెకరముల మాగాణి పంచుకొన్నవారు మాటలు మానివేయుదురు. చవితినాడు అక్షతలు చేతబట్టి మనము వినెడి శమంతకోపాఖ్యానమున సైతము, మణి బలరామకృష్ణుల నడుమనే అనుమానము పెట్టినది గదా! అక్కడ మణికి బంగారమీను గుణమున్నది. పూజపెట్టెకు అదియును లేదు. దానిని ముందుంచుకొనువాడు పెద్దవాడగును, తగవంతయు అందులకే.

మరల కుశీనగరమునకు పోవుదము. తన శరీరమును ఏమి చేయవలెనని ఆనందుడు అడిగినపుడు, తథాగతుని శరీరపూజకై మీరు శ్రమపడవలదు, మీ సాధనలో మీరుండుడు, భక్తులైన క్షత్రియులు, బ్రాహ్మణులు, గృహపతులు ఆ పని చూచుకొందురని భగవానుడు బదులు చెప్పినట్లు మహాపరినిర్వాణసూత్రమున నున్నది. ఆ వెనువెంటనే, నాలుగు దారులు కలియుచోట స్తూపము కట్టవలెననియు, అక్కడ పూలు గంధము సమర్పించినవారికి చిరకాలము హితము కలుగుననియు అదే సూత్రము చెప్పుచున్నది. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. పూజ మంచిదే, కాని భిక్షువుల పని కాదు. మరి ఆ పూజ మోక్షమార్గమా, లేక మార్గమునకు రాలేనివారికి ఇచ్చిన ఊరటయా? తరువాత పుట్టిన తగవులకు విత్తనము నాకు ఇందు కనిపించుచున్నది.

క్రీ. పూ. 3వ శతాబ్దమున అశోకుడు ఎనిమిది స్తూపములలో ఏడింటిని తెరపించి, ధాతువులను 84,000 స్తూపములకు పంచినాడని కథ. రామగ్రామస్తూపమును మాత్రము నాగులు కాపాడి ఈయలేదట. సంఖ్యను అట్లే నమ్మవలెనని నేననను. చాలయని చెప్పుటకు పూర్వులు వాడిన అంకె అది. కాని ఆ అశోకుడే సాంచి, సారనాథము, కౌశాంబి స్తంభములపై వేరొక శాసనము చెక్కించెను. అది కథ కాదు, రాతిమీది మాట. సంఘమును చీల్చు భిక్షువుగాని, భిక్షుణిగాని తెల్లబట్టలు కట్టుకొని ఆవాసము వెలుపల నుండవలసినదని అందలి తాత్పర్యము. సారనాథప్రతిలో, ఈ ఆజ్ఞకు ఒక నకలు కచేరీలోను, ఒక నకలు ఉపాసకులకు అందుబాటులోను ఉండవలెనని కూడ వ్రాయించినాడు. దస్తావేజుల విలువ తెలిసిన ప్రభువు! ధాతువును వేలముక్కలుగ పంచినవాడని కథ చెప్పు ప్రభువే, సంఘము రెండుముక్కలు కాకూడదని ఇంత జాగ్రత్తపడెను. అప్పటికే చీలిక భయము పుట్టనిచో ఈ శాసనమునకు పని యేమి?

చీలికలను గూర్చి వసుమిత్రుడు వ్రాసిన గ్రంథమొకటి చీనా, టిబెట్టు భాషలలో నిలిచియున్నది. దాని ప్రకారము, నిర్వాణానంతరము రెండువందల యేండ్లకు మహాదేవుడను పరివ్రాజకుడు చైత్యగిరిపై నివసించుచు మహాసాంఘికులలో పాత వివాదమును మరల రేపెను. దానివలన చైత్యశైల, అపరశైల, ఉత్తరశైల శాఖలు వేరుపడినవి. పాళీ వ్యాఖ్యాతలు పూర్వశైలులను, అపరశైలులను, రాజగిరికులను, సిద్ధార్థికులను కలిపి అంధకులనిరి. మన అమరావతీ మహాచైత్యము ఈ చైత్యకశాఖ అధీనమున నుండెననుటకు శాతవాహన పుళుమావి కాలపు శాసనమే సాక్షి. ఇక వినదగిన మాట: స్తూపమునకు చేసిన దానము గొప్ప ఫలము నీయదు అనునది ఈ శైలశాఖల సిద్ధాంతములలో ఒకటియని వసుమిత్రుడు వ్రాసినాడు!

చైత్యము పేరు పెట్టుకొన్నవారే చైత్యదానమునకు ఫలము స్వల్పమనిరి. కృష్ణ ఒడ్డున పాలరాతివంటి చలువరాళ్ళతో, ఇంచు ఖాళీ లేకుండ చెక్కించిన ఆ మహాచైత్యపు నీడలో కూర్చుండి ఈ మాట అనిరి. కొందరు దీనిని కపటమందురు. నాకట్లు తోచదు. కొండను ప్రతిదినము చూచువానికే దాని యెత్తు తెలియును. గుంపులు గుంపులుగ వచ్చి, పూలు చల్లి, పుణ్యము మూటగట్టుకొని పోవుచున్నామని తలంచు యాత్రికులను చూచి చూచి, "నాయనలారా! ఇంతమాత్రమునకే తరింపరు" అని చెప్పవలసిన భారము ఆ చైత్యమును కాచు భిక్షువులమీద పడియుండును. ఇది నా ఊహ.

ఆ ధాతువులు మన నేలలో ఎట్లు పాతిపెట్టబడినవో భట్టిప్రోలు చెప్పును. 1892లో అలెగ్జాండరు రీ అక్కడి దిబ్బను త్రవ్వించి, లేఖనములు గల మూడు రాతి కరండములను బయల్పరచెను. ఆ దిబ్బకు జనులు పెట్టిన పేరు సభలో పలుకదగినది కాదు. అడుగున నున్నదేమో మరచిపోయిన జాతి పెట్టిన పేరది. కరండములపై లిపి బ్రాహ్మికి చుట్టమైనను తన తీరు తనదిగ నున్నది. బుద్ధశరీరమును ఉంచుటకై రాతిపెట్టెను, స్ఫటికపు భరిణెను కురుని తల్లిదండ్రులు, కురుడు, శివుడు చేయించినట్లు ఒక లేఖనము. కుబీరకుడను రాజు పేరొకచోట. తక్కినది చాలవరకు పేర్ల పట్టిక: గోష్ఠిసభ్యులు, నిగమసభ్యులు. గోష్ఠియనగా మన కార్యవర్గమువంటిది. మన సంచికలో చందాదారుల పేర్లు అచ్చువేసినట్లే వారును చెక్కించిరి. కాని ఒక భేదము కలదు. ఆ పేర్లు పైకి కనబడునట్లు చెక్కినవి కావు. పెట్టెతోబాటు ఇటుకలలో పూడ్చిపెట్టిరి. చదువువాడు ఉండడని తెలిసియే వ్రాయించిరి. అట్టి దాతల యెదుట నిలిచి, మీ దానమునకు ఫలము స్వల్పమని చెప్పుటకు ఎంత గుండెనిబ్బరము కావలయును!

ఫలమును గూర్చి అంధకులు ఊరకుండలేదు. కథావత్థువను పాళీగ్రంథమున వారి వాదములు పెక్కులు కలవు. అశోకుని కాలమున మొగ్గలిపుత్త తిస్సుడు దీనిని చెప్పెనని సంప్రదాయము. కాలక్రమమున పెరిగినదని పండితుల యభిప్రాయము. అందులో నన్ను మిక్కిలి ఆకర్షించిన వివాదమొకటి విన్నవింతును. ఒకడు దానము చేసెను. పుణ్యము ఆ క్షణముతో లెక్క తీరినదా, లేక పుచ్చుకొన్నవారు దానిని అనుభవించినకొలది పెరుగుచుండునా? రాజగిరికులు, సిద్ధార్థికులు, వారితో సమ్మితీయులు పెరుగునని వాదించిరి. తోటలు నాటినవారికి, వంతెనలు కట్టినవారికి, చలిపందిళ్ళు పెట్టినవారికి రేయింబవళ్ళు పుణ్యము వృద్ధియగునన్న బుద్ధవచనమును వారు సాక్ష్యముగ చూపిరి. స్థవిరవాదులు ఒప్పుకొనలేదు. పుణ్యమనగా ఇచ్చునప్పటి చేతన. ఇచ్చినవాడు తరువాత దుష్టసంకల్పములలో మునిగియుండగా, పుచ్చుకొన్నవాడు ఎక్కడనో అనుభవించినంతమాత్రమున వీని ఖాతాలో పుణ్యమెట్లు జమ పడునని వారి ఆక్షేపము.

న్యాయముగ చూచిన స్థవిరుల వాదమే బలమైనది. తర్కములో వారిని పట్టలేము. అయినను నా మనస్సు రాజగిరికులవైపు మొగ్గుచున్నది. మన గ్రంథాలయమున ఒక భారతప్రతి కలదు. మూడుమార్లు అట్టలు మార్పించితిమి. ఇచ్చినవారి పేరు లోపలికాగితముపై వెలిసిపోయి సగమే కనబడుచున్నది. ఆ గ్రంథము ఎన్నిమార్లు ఇంటికి పోయి వచ్చినదో మన బట్వాడా పుస్తకమున తేదీలతో ఉన్నది. దాత పద్దు ఆ మొదటి తేదీతో మూయవలెనని స్థవిరులు చెప్పినను, నా కలము ఒప్పుకొనదు. ఇక్కడనే ధాతువు సంగతి నాకు కొంత తెలిసినట్లు తోచును. నూతినీరు త్రాగుదురు, వంతెనపై నడతురు, పుస్తకము చదువుదురు. ఇటుకల క్రింద పాతిన ధాతువును అనుభవించువా డెవ్వడు? అనుభవమునుబట్టి ఫలమను నాడు స్తూపదానము వెనుకబడుట వింతయా? చైత్యకులును, రాజగిరికులును వేరు శాఖలే. వారి వాదములను ఇట్లు ముడిపెట్టుట నా సాహసము. పెద్దలు మన్నింతురు గాక.

ఈ వివాదమంతయు ఒక్కలోయలో నేలమీద గీచినట్లు కనబడుచోటు నాగార్జునకొండ. 1926లో ఎ. రంగస్వామి సరస్వతిగారు ఆ శిథిలములను లోకమునకు తెలిపిరి. అది క్రీ. శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి. శాంతమూలమహారాజు అశ్వమేధ వాజపేయములు చేసిన వైదికుడు. ఆయన యింటి ఆడువారు బౌద్ధోపాసికలు. ఆ యింట ఈ భేదము తగవైనట్లు శాసనములలో జాడలేదు. అంతకన్న విశేషమేమనగా, ఆ స్త్రీలందరును ఒక్కశాఖకే ఈయలేదు. రాజు సోదరి చాంతిసిరి, వీరపురుషదత్తుని 6వ యేట, మహాచైత్యమును అపరమహావినసేలియుల పరిగ్రహమున నిలిపెను. కోడలు భటిదేవి బహుశ్రుతీయులకు విహారము కట్టించెను. మనుమరాలు కొడబలిసిరి మహీశాసకులకు కట్టించెను. బోధిసిరియను ఉపాసిక సింహళము నుండి వచ్చిన స్థవిరులకు చైత్యగృహము నిచ్చెను. అత్త యొకరికి, కోడలొకరికి! మన యిండ్లలో అత్తకు ఇష్టమైన పురాణికుని కోడలు మెచ్చుట ఎంత అరుదో మీకు చెప్పనక్కరలేదు.

చాంతిసిరి శాసనమున తన కోర్కె దాచుకొనలేదు. ఉభయకులములకు ఇహపరములయందు హితసుఖములు, తనకు నిర్వాణము. 106 అడుగుల వ్యాసము గల చైత్యమున కామె కోరిన ఫలమిది. పుచ్చుకొన్న భిక్షువులో, స్తూపదానమునకు గొప్పఫలము లేదని వసుమిత్రుడు చెప్పిన శైలశాఖలవారే! ఆమెకు ఆ సిద్ధాంతము తెలియునా? తెలిసియే ఇచ్చినదా? వారు ఆమెకు ఏమని చెప్పిరి? శాసనము ఇచ్చినవారి మాటనే చెక్కును. పుచ్చుకొన్నవారి మనస్సును చెక్కదు.

1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో ఆ లోయలోని విహారముల పాదులన్నియు బయటపడినవి. ఎఫ్.ఎం.బి. పుస్తకము చూచి పొలముగట్లను గుర్తుపట్టువానికి ఆ పటములు చక్కని చదువు. కొన్ని విహారములలో భిక్షువులుండు గదులే, పూజాస్థానమే లేదు. కొన్నింట స్తూపము కలదు. కొన్నింట ఏనుగు వెన్నువలె వెనుక గుండ్రని చైత్యగృహములు రెండు ఎదురెదురుగ నున్నవి. ఒకదానిలో స్తూపము, రెండవదానిలో బుద్ధవిగ్రహము. ధాతువా, ప్రతిమయా అను తగవునకు ఒక్క ప్రాకారములోపల రెండు వాకిళ్ళు పెట్టి, మధ్య నడవ విడిచిరి. గోడ మాత్రము కట్టలేదు.

1929లో లాంగ్‌హర్స్టు మహాచైత్యమును త్రవ్వించినపుడు నడిమిగదిలో గాక ఒక ప్రక్కగదిలో స్తూపాకారపు వెండిభరిణె దొరకినది. అందులో చిన్న బంగారుభరిణె. దానిలో బఠాణీగింజంత యెముక. 1932లో దానిని సారనాథమున మూలగంధకుటీ విహారమున కిచ్చిరి. తరువాత 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో లోయ నీట మునిగినది. ముఖ్యకట్టడములను కొన్నింటిని కొండపైకిని, అనుపునకును తరలించి మరల పేర్చిరి. చైత్యము మునిగినచోటి నీరు కాలువలవెంబడి మన పొలములకు వచ్చుచున్నది. రాజగిరికులు విన్నచో ఏమనియుందురో!

శాక్యుల వంతు మాట యొకటి మిగిలినది. 1898లో పిప్రాహ్వా స్తూపమున డబ్ల్యు. సి. పెప్పే అను తోటల యజమాని అస్థికలు, వానితో కలిపియుంచిన రత్నములు గల పెద్ద రాతిపెట్టెను వెలికితీసెను. అస్థికలు సయాంరాజునకు పోయినవి. రత్నములలో పెక్కులు కలకత్తా వస్తుప్రదర్శనశాలకు చేరినవి. కొన్ని పెప్పే వంశమున నిలిచినవి. 2025 మే నెలలో ఆ కొన్నింటిని హాంకాంగ్ నగరమున వేలము వేయబూనిరి. రత్నములు శరీరధాతువులు కావు గనుక అమ్మవచ్చునని అమ్మదలచినవారు. ధాతువుతో పాతిన రత్నము ధాతువే, వేరుచేయరాదని బౌద్ధులు. భారతప్రభుత్వము అడ్డుపెట్టగా వేలము నిలిచి, జూలై నెలలో అవి మన దేశమునకు తిరిగివచ్చినవి. ధాతువనగా ఎంతవరకు, దానిపై హక్కు ఎవ్వరిది అని ద్రోణుని యెదుట నిలిచిన ప్రశ్న ఈసారి న్యాయవాదుల తాకీదులతో వచ్చినది. రత్నములు వచ్చినవి కాని, ప్రశ్నను ఎవ్వరును తీర్చలేదు.